కుదిరితే చాలా?

“లెక్క ఫలితాలు ప్రయోగంతో చక్కగా కుదిరాయి” అన్న వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓడల మీద అలల భారం గురించిన వ్యాసాలు తిరగేస్తుంటే ఈ వారమూ అదే తగిలింది. కంప్యూటరు గీసిన గీత, దాని పక్కన ప్రయోగపు చుక్కలు, అంతే. ఆ చుక్కలో ఎంత తేడాకు చోటుందో ఎవరూ చెప్పరు. పాఠకులకు నా పాత పాటే: కొలిచి చూడందే నమ్మకూడదు. ఈ విషయంలో కొలతకు బలమైన సాక్ష్యమే ఉంది. అలల మధ్య ఓడ నడుము పైకి లేస్తే హాగింగ్, కుంగితే శాగింగ్. తొలితరం సరళ సిద్ధాంతం రెండూ సమానమంటుంది. ముక్కు దగ్గర పైకి విచ్చుకున్న కంటైనర్ ఓడ నమూనాను ప్రయోగపు నీటి తొట్టిలో, అలల్లో నడిపితే శాగింగే ఎక్కువని తేలుతుంది. అంతర్జాతీయ ఓడల వర్గీకరణ సంస్థల నియమాల్లోనూ సన్నటి ఓడలకు అది దాదాపు నాలుగో వంతు ఎక్కువ.

అయితే తొట్టిదే తుది తీర్పా? చెన్నై ఐఐటీ ఓషన్ ఇంజినీరింగ్ విభాగంలో ఉన్నటువంటి టోయింగ్ ట్యాంకులో, అంటే నమూనాను లాగే పొడవాటి తొట్టిలో, 300 మీటర్ల ఓడ 3 మీటర్ల నమూనా అవుతుంది. దాన్ని ముక్కలుగా కోసి, లోపల లోహపు దూలంతో కలిపి, దూలానికి దాని సాగుదలను కొలిచే స్ట్రెయిన్ గేజ్‌లు అతికిస్తారు. అక్కడ చదివిన వంపు భ్రామకాన్ని (బెండింగ్ మూమెంట్‌ను) 10 కోట్లతో హెచ్చిస్తే గానీ అసలు ఓడ లెక్క రాదు. కొలతలోని పొరపాటూ దాంతోపాటే పెరుగుతుంది. సముద్రంలో మూడు గంటల తుఫాను ఇక్కడ 18 నిమిషాలు. నమూనాను ఓడ వేగానికి తగ్గ నిష్పత్తిలో లాగితే ట్యాంకు చివరికి చేరడానికి నిమిషం పైచిలుకే పడుతుంది కాబట్టి, పరుగులెన్నో అతికించాలి. పాతికేళ్లకోసారి వచ్చే అల కోసం అక్కడ కాచుకు కూర్చోలేం. కంప్యూటరైతే వేల గంటల సముద్రాన్ని నడిపి చూపగలదు.

“రెండూ కుదిరాయంటే చాలదా?” అనవచ్చు. రెండూ ఒకే విషయాన్ని వదిలేస్తే ఎంత కుదిరినా ఉపయోగం లేదు. నమూనా దూలం అసలు ఓడలా కంపించకపోతే, ప్రోగ్రామూ ఓడను గట్టి దిమ్మగానే తీసుకుంటే, అల దెబ్బకు పుట్టే అదురు రెండింటికీ కనబడదు. తేడాకు ఎంత చోటుందో ఎందుకు చూడాలో ఒక ఉదాహరణ: 2013 జూన్‌లో ‘ఎంఓఎల్ కంఫర్ట్’ అనే కంటైనర్ ఓడ అరేబియా సముద్రంలో రెండుగా విరిగింది. 316 మీటర్ల ఓడ, వయసు అయిదేళ్లు. భారంలోనూ బలంలోనూ ఉన్న అనిశ్చితిని కలిపి చూస్తే, భారం ఓడ బలాన్ని మించి ఉండవచ్చని ఆ తర్వాతి పరిశీలన తేల్చింది. అందుకే కొలత పక్షాన మొదలుపెట్టినా, నా ఓటు ఏ ఒక్కదానికీ వేయను. పరిశోధకులకు నా విన్నపం: ప్రయోగానికి ముందే లెక్క రాసిపెట్టండి, గీతకూ చుక్కకూ ఎంత తేడాకు చోటుందో పక్కనే అచ్చువేయండి.