ప్రోబ్‌లకూ ఒక హద్దు

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపకుండా, తిరిగి కంపైల్ చేయకుండా, దాని లోపల ఏం జరుగుతోందో చూడటం గొప్ప విద్య. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రయాన్ కాంట్రిల్, మైక్ షాపిరో, ఆడమ్ లెవెంథాల్ తయారుచేసిన డీట్రేస్ ఆ విద్యను 2005లో సొలారిస్ 10తో పాటు అందరి చేతికీ ఇచ్చింది. దాని బలాన్ని చాలామంది మెచ్చుకున్నారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం దాని నిగ్రహం.

అప్లికేషన్‌లోని ఒక ఫంక్షన్ మీద ప్రోబ్ (గమనించే బిందువు) పెట్టమంటే, ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద డీట్రేస్ అక్కడి ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటును తీసి బ్రేక్‌పాయింట్ పెడుతుంది. ప్రోగ్రామ్ అక్కడికి రాగానే కెర్నల్‌లోకి వెళ్తుంది. కావలసిన సమాచారం నమోదయ్యాక అసలు ఇన్‌స్ట్రక్షన్ పని పూర్తవుతుంది, ప్రోగ్రామ్ ముందుకు సాగుతుంది. ట్రేసింగ్ ముగిశాక తీసిన బైటు తన చోటికి వస్తుంది, అక్కడ భారమేమీ మిగలదు. ట్రేసింగ్ సాగినంతసేపూ మాత్రం ప్రతి ప్రోబ్‌కూ కెర్నల్ మెమరీ కావాలి, ప్రోబ్ తగిలిన ప్రతిసారీ కొంత కాలం ఖర్చవుతుంది.

చిక్కంతా ఇక్కడే. మాడ్యూల్ పేరూ, ఫంక్షన్ పేరూ, ప్రోబ్ పేరూ ఖాళీగా వదిలేస్తే, ప్రోగ్రామ్‌తో పాటు అది వాడే లైబ్రరీలన్నిటిలో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కూ ఒక ప్రోబ్ అడిగినట్టే. పెద్ద అప్లికేషన్‌లో ఆ లెక్క లక్షలు దాటుతుంది. అందుకే ఇలాంటి ప్రోబ్‌లు సిస్టమ్ మొత్తం మీద 2,50,000 మించకూడదని, వీటిని నడిపే ఫాస్ట్‌ట్రాప్ డ్రైవర్‌లో ముందే హద్దు పెట్టారు. అది దాటితే కొత్త ప్రోబ్ పుట్టదు.

భాషలోనూ అదే జాగ్రత్త. డీట్రేస్ భాష అయిన డీలో రాసే స్క్రిప్టులో లూపులు రాయలేం, కాబట్టి అది కెర్నల్‌లో అంతు లేకుండా తిరిగే ప్రమాదం లేదు. బఫర్ నిండితే డీట్రేస్ ప్రోగ్రామ్‌ను నిలబెట్టదు. కొన్ని రికార్డులను వదిలేసి, ఎన్ని పోయాయో నిజాయితీగా చెబుతుంది. సిస్టమ్ స్పందించడం లేదనిపిస్తే ట్రేసింగ్‌నే ఆపేస్తుంది. లినక్స్ కెర్నల్‌లో చిన్న ప్రోగ్రామ్‌లను నడిపే ఈబీపీఎఫ్‌లో, వాటిని ముందే తనిఖీ చేసే వెరిఫయర్‌దీ ఇదే దారి: ముగుస్తుందని తేలని ప్రోగ్రామ్‌ను లోపలికి రానివ్వదు.

ప్రోబ్‌ల హద్దు తగలగానే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో అంకె పెంచేయాలనిపిస్తుంది. పెంచవచ్చు, అందుకు వీలుంది. కానీ చాలాసార్లు మార్చుకోవలసింది మనం వేసిన ప్రశ్నను. ముందు లైబ్రరీల జోలికి పోకుండా ప్రోగ్రామ్ సొంత ఫంక్షన్ల ప్రవేశం దగ్గరే ప్రోబ్‌లు పెట్టి, ఏది ఎన్నిసార్లు నడిచిందో డీట్రేస్ అగ్రిగేషన్‌తో లెక్కించాలి. అనుమానం ఉన్న నాలుగైదింటిని పట్టుకుని, లోపలికి వెళ్లిన క్షణానికీ బయటికి వచ్చిన క్షణానికీ మధ్య కాలాన్ని కొలవాలి. సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. డీలోని క్వాంటైజ్ ఫంక్షన్‌తో కాలాల పంపిణీ మొత్తం చూస్తే, వెయ్యి వేగమైన కాల్స్ చాటున దాగిన పది నెమ్మదైనవి బయటపడతాయి. ఇన్‌స్ట్రక్షన్ స్థాయి ప్రోబ్‌లు ఆ తర్వాతే, అదీ ఒక్క ఫంక్షన్ వరకే. ఈ వరుసలో వెళ్లేవారికి రెండున్నర లక్షల హద్దు ఎదురుపడటం అరుదు.