చరణ్‌జిత్ సింగ్: పది రాగములు, మూడు యంత్రములు

కళాచరిత్రలో ‘ఆద్యుడు’ అను బిరుదమునకు గల ఆకర్షణ పెద్దది. బొంబాయి చలనచిత్ర వాద్యబృందములలో జీవితము గడపిన చరణ్‌జిత్ సింగ్ (1940–2015)కు ఆ బిరుదము డెబ్బదియవ యేట లభించినది. 1982లో గ్రామఫోన్ కంపెనీ వారు ఆయన రికార్డునొకదానిని వెలువరించిరి. దాని పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. 2010లో అది మరల వెలుగు చూడగా, పాశ్చాత్య శ్రోతలు దానిని ‘యాసిడ్ హౌస్’ అను నృత్యసంగీతమునకు తొలి ఉదాహరణముగా కొనియాడిరి. ఆ సంగీతము చికాగో నగరపు రాత్రి నృత్యశాలలలో పెరిగినది. దానికి పేరు తెచ్చిన ఫ్యూచర్ బృందము వారి ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో వెలువడినది. ఐదేండ్లకు ముందే బొంబాయిలో అటువంటి ధ్వని పుట్టినదనుట నిజమే. కాని ఆ రికార్డును అర్థము చేసికొనుటకు ఈ నిజము ఎంతవరకు తోడ్పడును? అట్టే తోడ్పడదని నా అభిప్రాయము.

మొదట ఆ మనుష్యుని వృత్తిని చూడవలెను. శంకర్–జైకిషన్, ఆర్.డి. బర్మన్, లక్ష్మీకాంత్–ప్యారేలాల్ మున్నగు సంగీతదర్శకుల బృందములలో ఆయన గిటారు, బేస్ గిటారు, పిమ్మట విద్యుత్ వాద్యములు వాయించినారు. సినిమా పాటల వరుసలను వాద్యములపై వినిపించు రికార్డులు చేసినారు. పెండ్లి వేడుకలలో సొంత బృందముతో కచేరీలు చేసినారు. చలనచిత్ర రికార్డుపై గాయకుని పేరుండును, దర్శకుని పేరుండును. వెనుక కూర్చుండి వాయించినవాని పేరు అరుదు. ఈ పనిని హిందీలో ‘సంగత్’ అందురు, తెలుగులో ‘పక్కవాద్యము’ అందుము. మన మాట వాయించువాడు కూర్చుండు చోటును మాత్రమే చెప్పుచున్నది. హిందీ మాట సాంగత్యమును, అనగా ఒకరితో కలసి నడచుటను చెప్పుచున్నది. చరణ్‌జిత్ సింగ్ పనితనమంతయు ఈ రెండవ మాటలో నున్నది.

ఈ రికార్డునకు ఆయన వాడినవి జపానుదేశపు రోలాండ్ సంస్థ చేసిన మూడు యంత్రములు. టీఆర్-808 తాళయంత్రము, టీబీ-303 మంద్రస్వరములను పలికించునది, జూపిటర్-8 చేతితో వాయించు సింథసైజరు. 303 యంత్రము నిర్మాతల ఉద్దేశము సామాన్యమైనది: ఒంటరిగా అభ్యాసము చేయు గిటారు వాదకునికి బేస్ వాయించు తోడు లేని లోటు తీర్చుట. అందు పదునారు అంగలలో స్వరములను ముందుగా కూర్చి పెట్టవలెను. ఏ స్వరము గట్టిగా పలుకవలెనో, ఏది తరువాతి దానిలోనికి జారవలెనో కూడ నిర్ణయింపవచ్చును. పిమ్మట యంత్రము అలసట లేక తిప్పి తిప్పి పలుకును. బేస్ వాదకుని స్థానము నాక్రమించుటకు పుట్టిన యంత్రము ఒక బేస్ వాదకుని చేతనే పడినది! ఆయన దానిని శత్రువుగా చూడలేదు, అద్భుతముగాను చూడలేదు; కొత్తగా చేరిన తోటి వాదకునిగా చూచినారు.

పది రాగములలో పెక్కింటికి మన వైపు చుట్టములు కలవు. భైరవ్ మన మాయామాళవగౌళకు, భూపాలీ మోహనమునకు, మాల్కౌంస్ హిందోళమునకు, యమన్ కల్యాణికి, కళావతి వలజికి, బైరాగీ రేవతికి దగ్గర. తోడి మాత్రము పేరు చూచి మోసపోరాదు. అది మన శుభపంతువరాళికి సమీపము. మిగిలినవి లలిత్, మధువంతీ, మేఘ్ మల్హార్. ఈ రాగముల స్వరములను ఆయన 303లో వేగముగా పరుగెత్తు వరుసలుగా కూర్చి, 808 తాళముతో ముడివేసి, జూపిటర్-8 పై రాగసంచారమును చేతితో నడిపినారు. తంబురా మోగవలసిన చోట స్వరముల పరుగు వినబడును.

ఇందు నష్టము లేదనలేము. ఉషఃకాలపు లలిత్, నడిరేయి మాల్కౌంస్ ఒకే పరుగులో పోవును. విలంబమునకు చోటు లేదు. భైరవ్‌లో కోమల రిషభము ఊగవలెను. యంత్రపు జారుడు రెండు స్వరముల నడుమ దారి మాత్రమే. ఆందోళనము ఒకే స్వరములోని ఊపిరి. పదునారు అంగలను చూచి తీన్‌తాల్ పదునారు మాత్రలని మురియుటయు పొరపాటే. తీన్‌తాల్‌కు తాలీ, ఖాలీ కలవు. డిస్కో తాళమునకు ఖాలీ యెరుక లేదు, ప్రతి దెబ్బయు ఒకే బరువు. అయినను లలిత్ వంటి చోట రెండు మధ్యమములు పక్కపక్కన మెదలగా కలుగు వింత వెలుగు ఏ చిత్రగీతపు అనుకరణలోను దొరకదు. లాభనష్టములు రెండును ఒకే నిర్ణయమునుండి పుట్టినవి: రాగవ్యాకరణమును విడువరాదు, యంత్రపు నడకను మార్చరాదు.

చికాగో యువకుల మార్గము వేరు. వారు 303 యంత్రపు మీటలను, అది మోగుచుండగనే, త్రిప్పి ధ్వనిని పిండి, మెలిపెట్టి, అరపించిరి. వారి చేతిలో యంత్రమే ప్రధాన గాయకుడు. చరణ్‌జిత్ సింగ్ చేతిలో అది పక్కవాద్యము. రాగము పైన, యంత్రము క్రింద. ధ్వని ఒకటే కావచ్చును, మర్యాద వేరు. బొంబాయినుండి చికాగోకు ఈ రికార్డు ప్రభావము పోయినదనుటకు ఆధారము లేదు. కనుక ‘మాతృక’ అను మాట ఇచట చెల్లదు. భిన్న అవసరములు గల ఇరువురు ఒకే పనిముట్టును పట్టినారు, అంతియే.

1982లో ఆ రికార్డు అమ్ముడుపోలేదు. 2002లో ఎడో బౌమన్ అను డచ్చి రికార్డు సేకర్తకు అది ఢిల్లీలో దొరకినది. ఎనిమిదేండ్లకు ఆయనయే దానిని మరల వెలువరించినాడు. అప్పుడు కొందరు దానిని తరువాతి కాలపు బూటకమేమోనని, ఎవరో పాశ్చాత్య సంగీతకర్త మారుపేరున చేసినదేమోనని అనుమానించిరి. ఈ అనుమానమే మనకు బాధాకరము. పక్కవాద్యకారుడు స్వయముగా ఆలోచింపగలడని లోకమునకు తోచలేదు. పిమ్మట ఆయన ఐరోపా వేదికలపై తన కాలపు యంత్రములతోనే కచేరీలు చేసినారు. 2015 జూలైలో బొంబాయిలో కన్నుమూసినారు.

ఈలోగా బొంబాయిలో ఇటువంటి యంత్రములే పెద్ద వాద్యబృందములను క్రమముగా ఖాళీ చేసినవి. వందమంది కూర్చుండిన చోట ఒక్కడు చాలునన్నారు. చరణ్‌జిత్ సింగ్ రికార్డు ఆ గడప మీద నిలుచున్నది. అందును ఒక్కడే వాయించినాడు. కాని ఆ ఒక్కనిలో బృందపు శిక్షణ, తోడివాని నడక నెరిగి నడచు వినయము మిగిలియున్నవి. ఆయనకు ‘ఆద్యుడు’ అను కిరీటము పెట్టుటకంటె, యంత్రమునకు సైతము సాంగత్యము నేర్పిన వాదకుడని చెప్పుట న్యాయము. ఆ కిరీటము ఇతరుల చరిత్రలో ఆయనకిచ్చిన చోటు. సాంగత్యము ఆయన సొంత సంపాదన.