తనకు తానే మొక్కుకునే సినిమా

థియేటర్లో వెనక వరుసలోంచి ఎవరైనా ‘ఇంత బిల్డప్ ఎందుకో’ అని గొణిగితే నేను అటు చెవి వేస్తాను. పాపం, సినిమా అర్థంకాలేదని వాళ్లను కొట్టిపారేయడం తేలికే. చాలాసార్లు బాగా అర్థమయ్యే ఆ మాట అంటారు. నిడివి ఎక్కువైందనో, కథ మెల్లగా నడుస్తోందనో కాదు వాళ్ల బాధ. తెరమీద ఉన్నది గొప్పదో కాదో తేల్చుకునే పని తమకు మిగల్చలేదని. తీసినవాళ్లే ముందుగా తేల్చేసుకుని, కేవలం తల ఊపడానికి తమను పిలిచారని.

టెరెన్స్ మాలిక్ తీసిన ‘ద ట్రీ ఆఫ్ లైఫ్’ను ఈ విషయంలో మళ్లీమళ్లీ తలుచుకుంటాను. 2011లో కాన్ ఉత్సవంలో విలేఖరులకు వేసిన ఆటలో చప్పట్లూ వినిపించాయి, ఛీకొట్టే కేకలూ వినిపించాయి. చివరికి అక్కడి అత్యున్నత బహుమతి పామ్ డోర్ దానికే దక్కింది. అమెరికాలో స్టాంఫర్డ్ అనే ఊళ్లోని ఏవన్ థియేటర్‌కు మాత్రం, ఇది మామూలు పద్ధతిలో సాగే కథ కాదు, టికెట్ డబ్బులు వాపసు ఇవ్వం అని నోటీసు పెట్టక తప్పలేదు.

కథ చిన్నది. టెక్సస్‌లోని వేకో పట్టణం, 1950ల కాలం, ఒక తండ్రి, ఒక తల్లి, ముగ్గురు కొడుకులు. వాళ్లలో ఒకడు పంతొమ్మిదేళ్లకే పోతాడు. తల్లి దేవుణ్ణి నిలదీస్తుంది. అక్కణ్నుంచి సినిమా ఏకంగా సృష్టి మొదలుకు వెళ్లిపోతుంది. మంటలు, పొగలు, నీళ్లు, కణాలు, ఆఖరుకు డైనోసార్లు! చాలామందికి మితిమీరినట్టు అనిపించిన భాగం ఇదే. నాకలా అనిపించలేదు. బిడ్డ పోయిన తల్లి ‘ఎందుకు’ అని అడిగినప్పుడు ఎంత వెనక్కి వెళ్లి వెతికినా అతి కాదు. పైగా ఆ దృశ్యాల్లో చాలావాటిని కంప్యూటర్‌లో గీయలేదు. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి పనిచేసిన డగ్లస్ ట్రంబుల్ సాయంతో రంగులూ, ద్రవాలూ, పొగా కలిపి, వాటి కదలికలను కెమెరాతో పట్టుకున్నారు. ఏ రంగు ఎటు పారుతుందో తీసేవాళ్లకే తెలియని పని అది. ఆ తెలియనితనం తెరమీద కనిపిస్తుంది. మనతోపాటు సినిమా కూడా నోరు తెరుచుకుని చూస్తున్నట్టుంటుంది.

వేకో ఇంటి దృశ్యాలు ఇంకా మంచివి. తండ్రి భోజనాల దగ్గర శాసనాలు చేస్తాడు. ఆయన ఊరు వెళ్లగానే పిల్లలు ఇల్లంతా గంతులేస్తారు, బల్లిని పట్టుకొచ్చి తల్లిని తరుముతారు. కప్పను రాకెట్‌కు కట్టి ఎగరేస్తారు. అంత పెద్ద ప్రశ్నలు అడిగే సినిమాలో ఆ ప్రశ్నలతో ఏ పనీ లేని పిల్లలు ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నారు. సినిమాకు ప్రాణం వాళ్లే.

నాకు ఊపిరాడనిది చివర్లో వచ్చే సముద్రతీరం. పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ అక్కడ కలుసుకుంటారు. అందరూ ఒకే నెమ్మదితో నడుస్తారు, ఒకరి ముఖం ఒకరు నిమురుకుంటారు, పైనుంచి బెర్లియోజ్ సంగీతం. కానీ అక్కడ ఎవరికీ ఏ పనీ లేదు. ఆ పవిత్రత పట్టని మనిషి ఒక్కడూ లేడు. పెద్దవాడైన కొడుకుగా వేసిన షాన్ పెన్ స్వయంగా, తానక్కడ ఏం చేస్తున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నానని ఫ్రెంచి పత్రిక ‘ఫిగారో’తో చెప్పాడు. నటుడికే అందని భక్తిని ప్రేక్షకుడు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి?

1968లో వచ్చిన ‘2001’ ఇంతకన్నా చిన్న ఆశతో తీసినదేమీ కాదు. మొదటి మాట వినిపించేసరికే పాతిక నిమిషాలు గడుస్తాయి. అయినా స్టాన్లీ కుబ్రిక్ అందులో ఒక పెద్దాఫీసరును అంతరిక్ష నౌకలోని మరుగుదొడ్డి ముందు నిలబెట్టి, దాన్ని వాడే పద్ధతి గురించిన చాంతాడంత నోటీసును శ్రద్ధగా చదివించాడు. విశ్వ రహస్యం కోసం బయల్దేరిన మనిషికీ ఒళ్లు ఉంటుందని ఆ సినిమాకు గుర్తుంది. తొలి ప్రదర్శనల్లో జనం లేచిపోవడం చూశాక, ఆయన దాదాపు 19 నిమిషాల నిడివి కోసేశాడు కూడా. అది నాకు చాలా గౌరవం కలిగించే పని.

గొప్పదాని పక్కన దానికి తల వంచని మనిషి ఉండాలన్న సంగతి మన దగ్గర కె. విశ్వనాథ్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదని నా నమ్మకం. 1980 నాటి ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రికి ఊరంతా దండం పెడుతుంది. ఆయన పక్కనే ప్లీడరు మాధవగా అల్లు రామలింగయ్య ఉంటాడు. చనువుగా మాట్లాడతాడు, ఆటపట్టిస్తాడు, ఇంటి కష్టాలు గుర్తుచేస్తాడు. ఆ స్నేహితుడు లేకపోతే శాస్త్రిగారు విగ్రహమైపోయేవారు. ‘స్వర్ణకమలం’ (1988) ఇంకా ముందుకు వెళ్లింది. కూచిపూడి గురువు కూతురు మీనాక్షికి నాట్యమంటే విసుగు. ఆ విద్య తమకు కూడు పెట్టలేదు కదా అన్నది ఆమె వాదన. హాయిగా ఉద్యోగం చేసుకుని బతకాలని ఆమె కోరిక. విశ్వనాథ్ ఆ పిల్లను తెలివితక్కువదాన్ని చేయలేదు, దుర్మార్గురాలినీ చేయలేదు. ఇంట్లో లేమిని చూపించి ఆమె మాటకు బలమిచ్చారు. అంతకన్నా గొప్ప పని, ఆ పాత్రను భానుప్రియకు ఇవ్వడం. నాట్యాన్ని తక్కువ చేసి మాట్లాడే మనిషి ఒంట్లోనే నాట్యం అందరికన్నా ఎక్కువగా పలుకుతుంది. తండ్రీకూతుళ్ల తగవు చివరికి ఆమె కాళ్లకూ నోటికీ మధ్య తగవవుతుంది. కళ గొప్పదని అక్కడ మనకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పటి మన పెద్ద సినిమాల్లో నేను వెతికేది అలాంటి ఒక్క ముఖం కోసమే. కథానాయకుడు ఇంకా ఏమీ చేయకముందే రీరికార్డింగ్ ఉరుముతుంది. వెనకనుంచి ఒక గొంతు అతని గొప్పతనం వర్ణిస్తుంది. పదిమంది రియాక్షన్ షాట్లు వరసగా పడతాయి, పదీ ఒకేలా కళ్లు పెద్దవి చేసుకుని. నాకేమంత గొప్పగా అనిపించలేదే అని ఆ గుంపులో ఒక ముసలాయనో, ఒక పసిపిల్లో ముఖం పెడితే, వాళ్లను ఒప్పించడానికైనా కథ కష్టపడాల్సి వస్తుంది. ఆ కష్టాన్ని తప్పించుకున్న చోటే చూసేవాడికి బిల్డప్ కనిపిస్తుంది.

మాలిక్ 2018లో తన సినిమాకు మరో రూపం ఇచ్చాడు. ముందు 139 నిమిషాలున్నది 188 అయింది. తల్లి తోడబుట్టినవాడు ఇంటికి రావడం, ఊరిమీద గాలివాన విరుచుకుపడటం లాంటివి కొత్తగా చేరాయి. అసలే పెద్దదన్న సినిమా ఇంకో ముప్పావుగంట పైనే పెరిగింది. నాకు మాత్రం ఈ పెద్దదే తేలికగా సాగింది. పెరిగిన కాలంలో ఎక్కువ భాగం ఆ ఇంటికీ, ఆ మనుషులకూ దక్కింది.