నిలిచే కట్టడం, బయటపడే దారి: అమరావతి సచివాలయ భవనాల నేపథ్యంలో ఒక విమర్శ

తాడేపల్లికి ఆనుకొని ఉన్న అమరావతిలో శాశ్వత సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల కోసం ఐదు ఎత్తైన భవనాలను ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ రూపొందించింది. 2018 డిసెంబరులో రాఫ్ట్ పునాది పనులు మొదలయ్యాయి. వీటి ప్రత్యేకతగా చెప్పేది బయటి డయాగ్రిడ్ నిర్మాణం. ఏటవాలు ఉక్కు సభ్యాలు త్రిభుజాలుగా కలిసి బరువును మోస్తాయి. ఒకటి దెబ్బతింటే భారం మిగిలిన వాటికి మళ్లుతుంది. ఇది గుణమే. అయితే ఎత్తైన భవనాన్ని అంచనా వేయడానికి ప్రశ్నలు రెండు: కట్టడం నిలుస్తుందా? లోపలి మనిషి బయటపడగలడా? మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు రెండవదానికి చాలదు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ ప్రపంచ వాణిజ్య కేంద్రం ఈ భేదాన్ని నిరూపించింది. విమానాలు ఢీకొన్న వెంటనే ఆ భవనాలు కూలలేదు. దగ్గరదగ్గరగా నిలిపిన బయటి స్తంభాలు భారాన్ని పంచుకోవడంతో ఉత్తర భవనం 102 నిమిషాలు, దక్షిణ భవనం 56 నిమిషాలు నిలిచాయి. తాకిడికి ఉక్కుపై అగ్నినిరోధక పూత రాలిపోయి, మంటల వేడికి ఉక్కు బలహీనపడటం వల్లనే అవి కూలాయి.

ఆ వ్యవధి అందరికీ సమానంగా దక్కలేదు. ఒక్కొక్క భవనంలో మూడు మెట్లదారులూ నడిమి భాగంలోనే, జిప్సం పలకల గోడల మధ్య ఉండేవి. తాకిడి జరిగిన అంతస్తుల్లో ఉత్తర భవనపు మెట్లదారుల మధ్య ఎడం సుమారు 70 అడుగులే. మూడూ ఒకేసారి తెగిపోయాయి. 91వ అంతస్తుకు పైన ఉన్నవారిలో ఒక్కరూ బతకలేదు. దక్షిణ భవనంలో ఆ ఎడం సుమారు 200 అడుగులు. అక్కడ ఒక దారి మిగిలింది. తాకిడి జరిగిన అంతస్తుల నుంచీ ఆపై నుంచీ 18 మంది దిగిరాగలిగారు. ఉత్తర భవనమే ఎక్కువసేపు నిలిచింది. అయినా పైవారికి ఆ సమయం కొరగాలేదు.

విమాన ప్రమాదం అరుదు కనుక ఈ చర్చ అనవసరమన్న ఆక్షేపణ రావచ్చు. కానీ ఎడంగా ఉన్న మెట్లదారులు, దెబ్బకు ఓర్చే మెట్ల గోడలు, ఊడిపోని అగ్నినిరోధక పూత సాధారణ అగ్నిప్రమాదంలోనూ ప్రాణరక్షకాలే. అందుకే 2009 నాటి అంతర్జాతీయ భవన నియమావళి 420 అడుగులు మించిన భవనాలకు అదనపు మెట్లదారిని విధించింది.

కాబట్టి అమరావతి భవనాలను గాని, తాడేపల్లిలో లేస్తున్న బహుళ అంతస్తుల నివాసాలను గాని ముఖద్వార సౌందర్యంతోనో, ఉక్కు అల్లికతోనో కొలవడం అసంపూర్ణ విమర్శ. మెట్లు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత, గోడలు దేనితో కట్టారు అన్న వివరాలే అసలైన కొలమానం.