పింగాణీ అడుగున రెండు కత్తులు

పద్దెనిమిదో శతాబ్దపు యూరపు పింగాణీని గురించి రెండు తీర్పులు తరచు వినబడుతుంటాయి. అదంతా జపానుకు నకలని ఒక పక్షం. కాదు, రాజుల సదభిరుచికి ఫలమని రెండవ పక్షం. ఈ రెండు పక్షాలూ పనిచేసిన చేతులను మరచి పాత్రను మాత్రమే చూస్తున్నాయని నా అభిప్రాయం.

చైనాలో మింగు వంశం కూలిన తర్వాత, యుద్ధాలవల్ల అక్కడి ఎగుమతులు దెబ్బతిన్నాయి. డచ్చి వర్తక కంపెనీ జపానులోని అరిటా కుమ్మరులవైపు తిరిగి, 1659లో భారీగా సరుకు కోరింది. పాలవంటి తెలుపు మీద ఒక ప్రక్కకు ఒరిగిన పూలకొమ్మ, దానికింద రెండు కౌజుపిట్టలు, తక్కిన చోటంతా ఖాళీ: యూరపును ముగ్ధం చేసిన కకియెమోన్ శైలి ఇది. అయితే ఈ జపాను కళ కూడా ఒంటరిగా పుట్టింది కాదు. 1592–98 దండయాత్రలలో కొరియానుంచి పట్టితెచ్చిన కుమ్మరుల నైపుణ్యం అరిటా పింగాణీకి పునాది.

ఇక రాజుగారి అభిరుచి సంగతి. శాక్సనీ ప్రభువు ఆగస్టస్ 1717లో 600 మంది సైనికులను ప్రష్యా రాజుకిచ్చి, 151 చైనా పింగాణీ పాత్రలను పుచ్చుకున్నాడు. బంగారం చేస్తానన్న బ్యోట్‌గర్‌ను ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉంచాడు. ఆ నిర్బంధంలోనే 1708లో తెల్ల పింగాణీ రహస్యం బయటపడింది. 1710లో మైసెన్ కార్ఖానా వెలిసింది. కొంతకాలానికి అక్కడి చిత్రకారులు రాజు సేకరించిన అరిటా పాత్రలను ఎదుట పెట్టుకొని, ఆ పిట్టలనూ ఆ ఖాళీనీ గీయడం నేర్చుకున్నారు.

ఈ విద్యను వర్తకుడు ఏం చేశాడు? పారిస్ వ్యాపారి లెమేర్, శాక్సనీ మంత్రి హోయిమ్ అండతో, 1729 నుండి జపాను నమూనాలకు నకళ్ళు చేయించాడు. మైసెన్ గుర్తయిన రెండు కత్తుల ముద్ర వద్దన్నాడు. లేదా చెరిపివేయడానికి వీలుగా మెరుగుపూత పైన వేయమన్నాడు. అలా పారిస్‌లో అవి అసలు జపాను సరుకుగా చలామణి అయ్యాయి. 1731లో గుట్టు రట్టయి హోయిమ్ పట్టుబడ్డాడు.

పాత్ర ఒక్కటే. చిత్రకారుని చేతిలో అది అభ్యాసం, వర్తకుని చేతిలో మోసం. దోషం అనుకరణలో లేదు. చేసినవాని గుర్తును చెరిపి లాభం గుంజుకోవడంలో ఉంది.

ఫ్రాన్సులోని షాంటిలీని చూడండి. జపాను తరహా పింగాణీ చేయడానికి 1735లో ఆ కార్ఖానాకు రాజశాసనం లభించింది. కాని మైసెన్‌కు దొరికిన తెల్లమట్టి వారికి లేదు. అందుచేత మెత్తని పింగాణీ మీద తగరం కలిపిన పూత పూసి ఆ పాలతెలుపును సాధించారు. నకలు చేయబోయిన పనివారిని, చేతిలోని ముడిపదార్థం కొత్తదారి పట్టించింది. సృజన అంటే ఇదే.

కాబట్టి ఒక కళపై మరొక కళ ప్రభావాన్ని చర్చించే మిత్రులకు నా మనవి ఇది: ఎవరు ఎవరిని అనుకరించారని అడిగి ఆగిపోకండి. ఆ అనుకరణ ఎవరి శ్రమతో సాగింది, ఎవరి పేరు చెరిగింది, లాభం ఎవరికి చేరింది అని కూడా అడగండి.