ముందు స్పీకర్, ఆ తర్వాతే వాట్లు

ఇంగ్లండులో చాలా పబ్బులకు వేదిక అంటూ ఉండదు. కిటికీ పక్కన రెండు బల్లలు జరిపితే ఎంత జాగా వస్తే అదే వేదిక. ఆ మూలలోనే డ్రమ్ములు, బేస్, గిటార్, పాటగాడు సర్దుకోవాలి. మైకు సాధారణంగా గొంతుకే పరిమితం. గిటార్ మాత్రం తన యాంప్‌నే నమ్ముకుని గది చివరిదాకా వినపడాలి, ముందు బల్లవాళ్ల చెవులు చిల్లులు పడకుండా. 2012లో చేసిన లైవ్ మ్యూజిక్ చట్టం చిన్న పబ్బులకు రాత్రి 11 దాకా కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేసే హక్కును తీసేయలేదు. కొన్ని పబ్బుల్లో గోడకు శబ్దం కొలిచే పెట్టె ఒకటి ఉంటుంది. మోత హద్దు దాటిందా, వాద్యాల ప్లగ్గులకు కరెంటు కట్. పాట ఏ చరణంలో ఉందన్నది దానికి అనవసరం.

ఇలాంటి గదుల్లో గిటారిస్టులు చిన్న వాల్వు (వాక్యూం ట్యూబు) యాంప్‌ను వదలకపోవడానికి కారణం పాతకాలం మీద మోజు ఒక్కటే కాదు. వాల్వును దాని శక్తి చివరిదాకా తోస్తే శబ్దం ఒక్కసారిగా పగలదు. మెల్లగా చిక్కబడుతుంది, అంచులు గరుకెక్కుతాయి. తీగను మృదువుగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే గుర్రుమంటుంది. గిటార్ మీది వాల్యూం మీటను కాస్త తగ్గిస్తే మళ్లీ తేటపడుతుంది. ఈ గుణం వంద వాట్ల యాంప్‌లోనూ ఉంది, కానీ దాన్ని బయటికి రప్పించేలోపు పబ్బు ఖాళీ అవుతుంది. పదిహేను వాట్లది అయితే గది భరించగల మోతలోనే ఆ అంచుకు చేరుతుంది.

ఈ పదిహేను వాట్ల లెక్కకు మూలం కెంట్‌లోని డార్ట్‌ఫర్డ్. అక్కడి జెన్నింగ్స్ సంస్థ 1958లో డిక్ డెన్నీ రూపొందించిన వాక్స్ ఏసీ15ను మార్కెట్లోకి తెచ్చింది. అందులో గుండెకాయ ఈఎల్84 వాల్వుల జంట. అదే వాల్వు ఆనాటి మంచి రేడియోల్లోనూ స్పీకర్‌ను నడిపేది. స్విచ్ వేశాక వాల్వు వేడెక్కి పాట వినపడేదాకా ఆగిన తరంవాళ్లకు ఆ కుటుంబం కొత్త కాదు. షాడోస్ బృందం ఇంకా శక్తి కావాలని అడిగితే మరుసటి ఏడాది జెన్నింగ్స్ వాక్స్ ఏసీ30 చేసింది. వాల్వులు రెండింతలు, వాట్లు రెండింతలు.

మోత మాత్రం రెండింతలు కాలేదు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. అంటే 15కూ 30కీ తేడా, కొనేవాళ్లు ఊహించుకునేదానికన్నా చాలా చిన్నది. ఏసీ30కి ఆ దర్పం రావడంలో రెండో స్పీకర్‌కూ పెద్ద వాటా ఉంది.

కాబట్టి దుకాణంలో యాంప్ ముందు భాగం మీది అంకెను చూసి లాభం లేదు, స్పీకర్ వివరాల పత్రం చదవాలి. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో అందులో ఉంటుంది. వాక్స్‌కు పేరు తెచ్చిన సెలెస్టియన్ బ్లూ స్పీకర్ 100 డెసిబెల్స్ పలుకుతుంది. 95 మాత్రమే పలికే చవక స్పీకర్‌తో, 15 వాట్లతో బ్లూ చేసే మోతను అందుకోవాలంటే దాదాపు 47 వాట్లు కావాలి. స్పీకర్ మారిస్తే దొరికేదాని కోసం జనం యాంప్ మార్చేస్తుంటారు.

అయితే బ్లూకి ఓ చిక్కుంది: ఖరీదు ఎక్కువ, తట్టుకునేది 15 వాట్లే. పదిహేను వాట్ల యాంప్‌ను పూర్తిగా తోసినప్పుడు అది రాసినదానికన్నా ఎక్కువే కక్కుతుంది. వారం వారం గట్టిగా వాయించేవాళ్లకు ఒంటరి బ్లూ నిశ్చింతనివ్వదు. 60 వాట్లు మోసే వింటేజ్ 30 స్పీకర్ కూడా 100 పలుకుతుంది, డ్రమ్ముల మధ్యలోంచి చీల్చుకు వస్తుంది. కానీ ఈఎల్84 యాంప్‌కూ టెలికాస్టర్ గిటార్‌కూ జతచేస్తే ఆ పదును నా చెవికి ఎక్కువే. గ్రీన్‌బ్యాక్ స్పీకర్ పలికేది 98, మోసేది 25 వాట్లు. కాస్త మెత్తన, ఒక గిటార్ ఉన్న బృందానికి నా ఓటు దానికే.

ఇదంతా చెప్పాక విల్కో జాన్సన్‌ను తలచుకోకపోతే అన్యాయం. డెబ్బైల లండన్ పబ్ రాక్‌కు ముఖచిత్రం లాంటి డాక్టర్ ఫీల్‌గుడ్ గిటారిస్టు ఆయన. ఆయన వాడింది హెచ్‌హెచ్ సంస్థ ట్రాన్సిస్టర్ యాంప్! కత్తిలాంటి తేట మోత ఆయనకు కావాలి, అది దొరికింది. వాల్వు లేకుండానే 1976లో వాళ్ల ప్రత్యక్ష కచేరీల ఆల్బం బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. మీది తేట శబ్దమా, గరుకు శబ్దమా అన్నది ముందు తేల్చుకోవాలి. తేటగానే, పెద్దగానే కావాలంటే 15 వాట్లు చాలకపోవచ్చు; 22 వాట్ల ఫెండర్ డీలక్స్ రివర్బ్ వైపు చూడటం మేలు. అయిదు వాట్ల బుల్లి యాంప్ ఇంట్లో ఎంత ముద్దొచ్చినా డ్రమ్మర్ పక్కన వినపడదు. పరీక్షించాల్సింది దుకాణంలో ఒంటరిగా కాదు, మీ డ్రమ్మర్ పక్కనే.

ఇక స్పీకర్ ఉండే పెట్టె సంగతి: వెనక తెరిచి ఉన్న క్యాబినెట్ శబ్దాన్ని గదంతా పరుస్తుంది, మూసినది ముందుకు దూస్తుంది. మూల వేదికలకు మొదటిదే నయం. నేల మీద పెడితే శబ్దం మీ పిక్కలకు తగులుతుంది, మీకేమో సరిగా వినపడదు, మీరు ఇంకా పెంచుతారు. కుర్చీ మీదకు ఎత్తండి, లేదా వెనక్కి వాల్చండి. సాయంత్రం ఖాళీ గదిలో సరిచేసుకున్న పదును జనం నిండాక తగ్గుతుంది. మనుషులూ వాళ్ల కోట్లూ పైస్థాయి శబ్దాన్ని పీల్చేసుకుంటారు.

ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. స్పీకర్ తగిలించకుండా వాల్వు యాంప్ మోగిస్తే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. కొత్త స్పీకర్ ఓమ్‌లు యాంప్ వెనక రాసిన అంకెతో సరిపోవాలి. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి కాబట్టి లోపలి మరమ్మతు తెలిసినవాళ్లకే వదలాలి.

ఇక బరువు. రెండు స్పీకర్ల ఏసీ30 ముప్ఫై కిలోలు దాటుతుంది. అర్ధరాత్రి వానలో కారు దాకా మోసినప్పుడు ఒక స్పీకర్ యాంప్ విలువ తెలుస్తుంది. నియోడిమియం అయస్కాంతం ఉన్న స్పీకర్ వేస్తే ఒకటి రెండు కిలోలు ఇంకా తగ్గుతాయి. పాతది తీశాక పారేయకండి. యాంప్ అమ్మేనాడు కొనేవాడు మొదట అడిగేది అసలు స్పీకర్ ఏదని.