మనుషులు లేని పొర

ఇంగ్లండు ఉత్తరాన విందోలాండా అనే రోమన్ కోట ఉంది. ఒకటో శతాబ్దం చివర, ఒక మే నెల 18న, అక్కడి గుమాస్తా ఎవరో పల్చటి చెక్క రేకు మీద సిరాతో దళం హాజరు పట్టీ రాశాడు. పట్టీలో ఉన్నది 752 మంది. కోటలో ఉన్నది 296 మంది. తక్కిన 456 మందీ బయటి పనుల మీద పోయారు. వాళ్ళలో 337 మంది కోరియా అనే మరో మజిలీలోనే ఉన్నారు. కోటలో మిగిలినవాళ్ళలోనూ 31 మంది పనికి లేవలేనివాళ్ళు: 15 మందికి జబ్బు, ఆరుగురికి గాయాలు, పదిమందికి కళ్ళకలక. 1973లో రాబిన్ బర్లీ తవ్వకాలతో ఇలాంటి రేకులు వెలుగు చూడడం మొదలైంది.

ఇలాంటి పట్టీ ఏ కోటలోనో ఒక చోట దొరుకుతుంది. మిగతా కోటల్లో జనం ఎప్పుడు పలచబడ్డారో, ఎప్పుడు తిరిగొచ్చారో మట్టే చెప్పాలి. మట్టి చేత ఆ మాట చెప్పించడం ఒక గొప్ప విద్య. బంగారు నాణెం దొరికిందని పత్రికలో ఫోటో వేసుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఏమీ దొరకని నాలుగు వేళ్ళ మందం పొర ముందు రెండు రోజులు కూర్చుని, ఈ కాలంలో ఇక్కడ కాపురం లేదు అని రుజువు చేసేవాడికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ పని ఎలా చేస్తారో చెబుతాను. మనిషి మసలే చోట నేల గట్టిపడుతుంది. బూడిద, ఎముక ముక్కలు, కుండపెంకులు ఆ నేలలోకి అణిగిపోతాయి. మనిషి వెళ్ళిపోయాక మొదట కప్పు పాడవుతుంది. పెంకులు జారి నేల మీద పడితే ఎత్తేవాడుండడు. మూలల్లో గాలి తెచ్చిన మెత్తటి దుమ్ము చేరుతుంది. తూముల్లో ఒండ్రు పూడుకుపోతుంది. గడ్డి మొలిచి, చచ్చి, మళ్ళీ మొలిచి సన్నని నల్లటి చార వదులుతుంది. దూలం మీద గుడ్లగూబ చేరితే అది కక్కిన ఎలుక ఎముకలు సరిగ్గా దాని కిందే కుప్పపడతాయి. తర్వాత దళం తిరిగొస్తే ఆ పెంకులనే చదును చేసి, మీద కొత్త నేల వేసుకుంటుంది. గుంటను నిలువుగా కోసి, గోడను తాపీతో గీకి, కాస్త నీళ్ళు చల్లి చూస్తే ఈ కథంతా రంగుల చారలుగా కనిపిస్తుంది. ఒక చారకూ ఇంకో చారకూ మధ్య గీత ఎక్కడ గియ్యాలన్నదే అసలు పనితనం. అది పుస్తకంతో వచ్చేది కాదు, చేతి వేళ్ళకు రావాలి.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. సైనికుల కోట శుభ్రంగా ఉంటుంది. రోజూ ఊడుస్తారు, చెత్త బయట పారబోస్తారు. గదిలో పెంకులు తక్కువ దొరికాయని గది ఖాళీ అనుకుంటే తప్పు. గది నిండా జనం ఉండి, పైన కఠినమైన అధికారి ఉండి ఉండవచ్చు. నాణేల వరస తెగిందంటే జనం పోయారనీ కాదు, జీతాల డబ్బు రావడం ఆగిపోయి ఉండవచ్చు. అందుకే నిపుణుడు ఒక్క సాక్షిని నమ్మడు. కందకంలోని పూడిక, బయటి చెత్తకుప్ప, తూములోని ఒండ్రు, పొయ్యిలోని బూడిద, గుమ్మం రాయి అరుగుదల, ఇన్నీ ఒకే మాట చెబితేనే కలం పడతాడు.

వేల్స్‌లోని కార్లియన్ కోట ఈ విద్యకు పెద్ద బడి. రోమన్లు దాన్ని ఇస్కా అన్నారు. సుమారు క్రీ.శ. 75లో కట్టారు. రెండో అగస్టా లీజియన్, అంటే ఐదు వేలకు పైగా సైనికులకు అది ఇల్లు. కానీ అదే లీజియన్ పేరు చెక్కిన రాళ్ళు దూరాన ఉత్తరంలో హేడ్రియన్ గోడలోనూ, ఆ తర్వాతి ఆంటోనైన్ గోడలోనూ ఉన్నాయి. జనం అక్కడ గోడ కడుతుంటే ఇక్కడి బారకాసుల్లో ఎవరున్నారు? ఈ ప్రశ్న కోసం ఎందరో జీవితాలు ధారపోశారు. నాష్-విలియమ్స్ బారకాసులు తవ్వాడు. స్నానశాలల తూములో పూడినదంతా జల్లెడ పట్టించి, ఉంగరాల నుంచి ఊడిన 88 చెక్కడపు రత్నాలు తీసిన జింకెవిచ్ పనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఇక అక్కడి ఒక శాసనం 250ల నాటిది: ఏడో కోహార్టు, అంటే లీజియన్‌లోని ఒక దళం, ఉండే బారకాసులను పునాదుల నుంచి తిరిగి కట్టించారని చెబుతుంది. పునాదుల నుంచి కట్టవలసి వచ్చిందంటే అవి అంతకు ముందు ఏ స్థితిలో పడి ఉన్నాయో వేరే చెప్పాలా!

స్కాట్లండులోని ఇంచ్‌టుథిల్‌ది ఇంకో రకం కథ. 80లలో కట్టడం మొదలుపెట్టి, 86-87 ప్రాంతంలో, పూర్తి కాకముందే విడిచిపెట్టిన లీజియన్ కోట అది. ఇయన్ రిచ్‌మండ్, సెయింట్ జోసెఫ్ 1952 నుంచి 1965 దాకా తవ్వారు. సేనాని ఇంటికి పునాది కూడా పడలేదు. గాజు, మట్టి పాత్రలు కావాలని పగలగొట్టి కాలువల్లో పోశారు. కార్ఖానా నేలలో ఒక గోతిలో 8 లక్షల 75 వేలకు పైగా ఇనుప మేకులు దాచి పైన మట్టి కప్పేశారు. ఆ ఇనుము శత్రువు చేతిలో పడితే ఆయుధమవుతుందని భయం. ఏ చరిత్రకారుడూ వివరంగా రాయని ఈ వెనక్కి తగ్గడాన్ని రిచ్‌మండ్ మేకులతోనూ, దూలాల గుంటలతోనూ నిరూపించాడు. కోట మొత్తం తవ్వకుండా, ఎక్కడ సన్నని గుంట తీస్తే ఏ గోడ మూల తగులుతుందో ముందే లెక్కవేసి తవ్వేవాడు. అలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదు.

ఈ విద్య మన దేశానికి వచ్చింది కూడా కార్లియన్ దారినే. అక్కడి రంగస్థలాన్ని ఊరివాళ్ళు ఆర్థర్ రాజు గుండ్రటి బల్ల అనేవారట. 1926-27లో దాన్ని తవ్వించింది మార్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా. పనిలో పెద్ద భాగం టెస్సాదే, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆ వీలరే 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, తక్షశిలలో బడి పెట్టి, మన కుర్రవాళ్ళ చేత నిలువుకోతలు గీయించాడు. 1945లో అరికమేడులో రోమన్ పెంకుల ఆధారంగా దక్షిణ భారతపు పొరలకు తేదీలు కట్టాడు. ఆయన ఆడంబరం మనిషని ఇప్పుడు కొందరు తేలిక చేస్తారు. నేను ఒప్పుకోను. క్రీ.శ. 200 ప్రాంతంలో అరికమేడు ముగిసిందని ఆయన అన్నది తప్పని విమలా బెగ్లీ 1989-92 తవ్వకాల్లో తేల్చింది. అక్కడ జనం ఇంకా చాలా కాలం మసిలారు. కానీ ఆ దిద్దుబాటు ఎలా వీలైంది? వీలర్ పొరలు గీసి పెట్టి పోయాడు కాబట్టి!

తెలుగు నేల మీద ఈ విద్యకు శిఖరం నాగార్జునకొండ. 1926లో ఏ.ఆర్. సరస్వతి ఆ లోయను లోకానికి చూపించాడు. లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. ఆనకట్ట నీళ్ళు వచ్చేలోగా 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం లోయ మొత్తాన్ని తవ్వి తీసింది. గడియారంతో పరుగు పందెం పెట్టుకుని కూడా పొరలు చెడగొట్టని ఆ బృందాన్ని ఏ రిచ్‌మండ్ పక్కనైనా నిలబెడతాను. ఇక్ష్వాకుల విజయపురి కోటగోడను కోసి, మొదట మొరం పోసిన కట్ట అనీ, తర్వాతి దశలో కాల్చిన ఇటుక గోడ అనీ విడదీశారు. ఇక్ష్వాకుల రాజ్యం వందేళ్ళకు అటూ ఇటూ. మధ్యలో అభీర వసుసేనుడి శాసనం కనిపిస్తుంది. నాలుగో శతాబ్దంలో రాజధాని వెలవెలబోయింది. తిరిగి కోట అన్న మాట వినిపించేది కొండ మీద, మధ్యయుగంలో. 1515లో కృష్ణదేవరాయలు గెలిచిన కోటల్లో నాగార్జునకొండ ఉంది. నడుమ దాదాపు వెయ్యేళ్ళు. ఆ వెయ్యేళ్ళలో లోయ ఎంత ఖాళీ, ఎక్కడ నాలుగు ఇళ్ళు మిగిలాయి అన్నది ఇప్పుడు ఎవరు వెళ్ళి చూస్తారు? నీళ్ళ కింద ఉంది. ఆ తవ్వకాల చారిత్రక సంపుటం అచ్చయింది 2006లో. 46 ఏళ్ళు! గీసిన వాళ్ళలో ఎందరు దాన్ని కళ్ళారా చూసుకున్నారు?

ధరణికోటలో 1960లలో ఓడల కాలువ ఒడ్డున మొదట కర్రల రేవు, తర్వాత ఇటుక రేవు, ఆపైన పూడిక, ఇలా ఒక రేవు పుట్టి పోయిన తీరును వెంకటరామయ్య, రాఘవాచారి చదివారు. ధూళికట్ట మట్టికోటను వి.వి. కృష్ణశాస్త్రి తవ్వించారు. మెగస్తనీసు చెప్పిన ఆంధ్రుల 30 కోటల్లో అదొకటని ఆయన నమ్మకం, నాకూ అదే నమ్మకం.

మా ముంచింగిపుట్టు వైపు ఇలాంటివి ఏమున్నాయని అడుగుతారు. కొండ దిగి అనకాపల్లి దగ్గరి శంకరానికి వెళ్ళండి. 1907-08లో అలెగ్జాండర్ రీ బొజ్జన్నకొండను తవ్వితే సముద్రగుప్తుడి బంగారు నాణెం, కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. వందల ఏళ్ళ వాడకం అది. కానీ రీ కాలానికి పొరల విద్య రాలేదు. మట్టి ఎత్తి పారేశారు. భిక్షువులు ఎడతెగక ఉన్నారా, మధ్యలో కొండ పాడుపడిందా అన్నది ఇక ఆ చోట తెలియదు. పోయిన పొర పోయినట్టే. ఇటు మన కొండల మీద ఊళ్ళు కదిలేవే. గదబల ఊరు కదిలినా పెద్దలు కూర్చునే సదరు రాళ్ళు అక్కడే నిలిచి ఉంటాయి. పోడు కొట్టి కాల్చిన బొగ్గు చార, దాని మీద బీడు పెట్టిన ఏళ్ళ నల్లమన్ను, మళ్ళీ బొగ్గు చార: మాచ్‌ఖండ్ లోయలో వాగు కోసిన ఏ గట్టులోనైనా ఇది వెతకవచ్చు. జోలాపుట్టు జలాశయం కింద మునిగిన నేలలో ఇలాంటి పొరలు ఎన్ని పోయాయో! కార్లియన్ బారకాసుకు ఏ పద్ధతో ఈ పాతూరికీ అదే పద్ధతి. రోమన్లది చరిత్ర, గదబలది కాదు అనేవాళ్ళతో నాకు మాటలు లేవు.

నా కోపమంతా ఇప్పటి తీరు మీద. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పాటిదిబ్బలను ఎరువు కోసం లారీలకెత్తారు. పొలానికి తట్టెడు పాటిమన్ను వేసుకున్న రైతును నేను తప్పుపట్టను. జేసీబీ పెట్టి దిబ్బకు దిబ్బ మాయం చేసే వ్యాపారిని క్షమించలేను. గుప్తనిధుల దొంగలు రాత్రికి రాత్రి నందిని పగలగొట్టి గొయ్యి తీసి పోతారు. వాళ్ళకు అక్కడ ఏమీ దొరకదు, మనకు మాత్రం పొర శాశ్వతంగా పోతుంది. వీటికి తోడు సుందరీకరణ! పాత గోడకు కొత్త ఇటుక, సిమెంటు, చుట్టూ పచ్చిక. తొట్లకొండ మీద తిరిగి కట్టిన మహాస్తూపం 2019 వానలకు కూలిపోయింది. మెటల్ డిటెక్టర్ పట్టుకుని వీడియోలు తీసి చరిత్ర కనుగొన్నామనే కుర్రవాళ్ళది ఇంకో గోల. నాణెం ఏ పొరలో ఉందో తెలియకుండా పీకితే అది లోహపు ముక్క మాత్రమే.

మన విశ్వవిద్యాలయాల్లో పురావస్తు విద్యార్థి ఒక్క నిలువుకోత కూడా సొంత చేత్తో గీయకుండా పట్టా తీసుకోకూడదు. పాడేరు, అరకు కళాశాలల్లో ఏడాదికి నాలుగు వారాలు తవ్వకపు బడి పెడితే, మట్టి రంగు చూసి నేల చెప్పగల కొండ పిల్లలు పట్నం పిల్లల కన్నా ముందు నేర్చుకుంటారు. ప్రభుత్వం దీనికి డబ్బు పెట్టాలి.

ఈ వ్యాసం చదివే ముంచింగిపుట్టు, పెదబయలు, హుకుంపేట వాళ్ళకు నా మనవి. దున్నుతుంటే పాత ఇటుకలు గానీ, కుండపెంకులు గానీ, వరసగా పేర్చిన రాళ్ళు గానీ తగిలితే అక్కడితో ఆపండి. పైకి తీయకండి, కడగకండి. చోటు గుర్తు పెట్టి, ఫోటో తీసి తహసీల్దారుకు తెలియజేయండి. పది రూపాయలు మించిన విలువైన నిధి నేలలో దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.